వచ్చే ఏడాది పిక్: ఏఎఫ్ఎల్ క్లబ్‌లు తమ మీద తామే కాసే పందెం

ఏఎఫ్ఎల్ అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్, అక్కడివాళ్లు ఫుటీ అని పిలుచుకునే ఆటకు అగ్రశ్రేణి పోటీ. 2018 నవంబర్‌లో అందులోని కార్ల్‌టన్ క్లబ్ చేసిన ఒక మార్పిడి గురించి ఆస్ట్రేలియాలో ఫుటీ అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ సీజన్‌లో కార్ల్‌టన్ గెలిచింది రెండే మ్యాచ్‌లు. పట్టికలో అట్టడుగున నిలిచింది కాబట్టి డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్‌లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, మొదటి ఎంపిక (పిక్) దానిదే. ఆ నంబర్ 1 పిక్‌తో శామ్ వాల్ష్ అనే మిడ్‌ఫీల్డర్‌ను తీసుకుంది. అక్కడితో ఆగి ఉంటే కథ లేదు. లియమ్ స్టాకర్ అనే కుర్రాడు ఇంకా ఎవరికీ దక్కకుండా మిగిలి ఉన్నాడు, ఎక్కడ చేజారిపోతాడోనని టెన్షన్. డ్రాఫ్ట్ జరుగుతుండగానే అడిలైడ్‌తో మాట్లాడి వాళ్ల నంబర్ 19 పిక్‌ను తీసుకుంది. అందుకు బదులుగా తన 2019 మొదటి రౌండ్ పిక్‌ను అడిలైడ్‌కు ఇచ్చి, అడిలైడ్‌కు రావాల్సిన 2019 మొదటి రౌండ్ పిక్‌ను తాను పుచ్చుకుంది.

ఏడాదంతా రెండే రెండు గెలిచిన జట్టు, వచ్చే ఏడాది మనం పైకి వస్తాం, మన పిక్ విలువ తగ్గుతుంది అని లెక్క వేసుకుందన్నమాట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. 2019లో మొదటి 11 మ్యాచ్‌లలో కార్ల్‌టన్ గెలిచింది ఒక్కటే. కోచ్ బ్రెండన్ బోల్టన్ ఉద్యోగం పోయింది. డేవిడ్ టీగ్ తాత్కాలిక కోచ్‌గా వచ్చి మిగిలిన 11లో ఆరు గెలిపించడంతో 16వ స్థానంతో బయటపడింది, లేకపోతే పరువు ఇంకా పోయేది. మార్పిడి ప్రకారం అడిలైడ్‌కు నంబర్ 4 పిక్ వచ్చింది, కార్ల్‌టన్‌కు నంబర్ 9. నాలుగు సీజన్ల తర్వాత కార్ల్‌టన్ స్టాకర్‌ను వదిలేసింది. అతను సెయింట్ కిల్డాకు వెళ్లాడు.

ఏఎఫ్ఎల్ డ్రాఫ్ట్ వ్యాపారంలో పదే పదే కనిపించే తప్పు ఇదే. కుర్రాళ్ల ప్రతిభను అంచనా వేయడంలో క్లబ్‌లు పొరపడటం సహజం, 17, 18 ఏళ్ల వాళ్ల గురించి ఎవరు మాత్రం కచ్చితంగా చెప్పగలరు? కానీ తమ గురించి తాము వేసుకునే అంచనాలో పొరపడటమే క్లబ్‌లకు ఎక్కువ ఖరీదు పడుతుంది. వచ్చే ఏడాది పిక్ ఎంత విలువైనదో, వచ్చే ఏడాది తాము ఎన్నో స్థానంలో ఉంటామన్న దాన్ని బట్టే తేలుతుంది. ఏ క్లబ్బూ తాను దిగజారుతానని అనుకోదు. అందుకే ఆ పిక్‌ను అమ్మేవాడు చవకగా అమ్ముతాడు, కొనేవాడు నిశ్శబ్దంగా కొంటాడు.

ఐపీఎల్ వేలానికి, ప్రో కబడ్డీ వేలానికి అలవాటుపడిన మనకు ఈ పద్ధతి కొంచెం వింతగా ఉంటుంది. ఇక్కడ డబ్బుతో వేలం పాట లేదు. 18 క్లబ్‌లు పట్టిక తిరగేసిన వరుసలో, చివరి జట్టు మొదట, ఛాంపియన్ చివర, ఒక్కొక్కరిని ఎంచుకుంటూ పోతాయి. ఏ ఊరికి వెళ్లాలన్నది కుర్రాడి చేతిలో లేదు. పెర్త్‌లో పుట్టినవాడు మెల్‌బోర్న్‌కో బ్రిస్బేన్‌కో మూట సర్దుకోవాల్సిందే. మొదటి డ్రాఫ్ట్ 1986లో జరిగింది, జీతాల మొత్తానికి పరిమితి 1987లో వచ్చింది. డబ్బున్న మెల్‌బోర్న్ క్లబ్‌లే ఎప్పటికీ గెలుస్తూ ఉండకూడదన్నది రెండింటి ఉద్దేశం. తర్వాతి కాలంలో మార్కెట్ విస్తరించింది. వచ్చే ఏడాది పిక్‌లను ముందుగానే మార్చుకోవడానికి 2015లో అనుమతి వచ్చింది. డ్రాఫ్ట్ నడుస్తుండగానే పిక్‌లు మార్చుకునే వీలు 2018లో వచ్చింది. కార్ల్‌టన్ బేరం ఆ కొత్త వీలుతో మొదటి రాత్రే చేసినది. 2025 నుంచి రెండేళ్ల తర్వాతి పిక్‌లను కూడా ఇవ్వవచ్చు. ఒక ఏడాది ముందుచూపే సరిగ్గా లేని క్లబ్‌లకు ఇప్పుడు రెండేళ్ల అప్పు చేసే సౌకర్యం దొరికింది.

అడిలైడ్ సంగతి కూడా చూడాలి, ఎందుకంటే పిక్ గెలుచుకోవడం వేరు, ఆటగాణ్ని గెలుచుకోవడం వేరు. కార్ల్‌టన్ నుంచి వచ్చిన ఆ నంబర్ 4ను అడిలైడ్ తన దగ్గర ఉంచుకోలేదు. జీడబ్ల్యూఎస్ జెయింట్స్‌కు ఇచ్చి, వాళ్ల నంబర్ 6ను, 2020 మొదటి రౌండ్ పిక్‌ను తీసుకుంది. కాగితం మీద చూస్తే అద్భుతమైన బేరం, రెండు మెట్లు దిగినందుకు ఒక మొదటి రౌండ్ పిక్ ఉచితం. ఆరో నంబర్‌తో తీసుకున్న ఫిషర్ మెకేసీ ఆడింది 10 మ్యాచ్‌లు మాత్రమే. జెయింట్స్ నాలుగుతో తీసుకున్న లాక్లన్ యాష్ ఆ జట్టులో స్థిరపడిపోయాడు.

మరి జెయింట్స్ రెండు మెట్లు ఎక్కడానికి అంత ధర ఎందుకు ఇచ్చింది? దీనికి జవాబు ఏఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లోని పక్కదారుల్లో ఉంది. జెయింట్స్ సొంత అకాడమీలో టామ్ గ్రీన్ అనే మిడ్‌ఫీల్డర్ పెరిగాడు. అలాంటి ఆటగాణ్ని వేరే క్లబ్ ఎంచుకుంటే, సొంత క్లబ్ తన పిక్‌లతో ఆ ధర చెల్లించి అతన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఐపీఎల్ వేలంలోని రైట్ టు మ్యాచ్ కార్డు లాంటిదే, కాకపోతే కోట్లకు బదులు పాయింట్లు. జెయింట్స్ భయం ఏమిటంటే, తమ ఆరో పిక్ వాడుకునేలోపే ఎవరైనా గ్రీన్ పేరు పిలిస్తే, ఆ ఆరో పిక్ గ్రీన్ కోసమే కరిగిపోతుంది. అందుకే ముందుకు జరిగి, యాష్‌ను జేబులో వేసుకుని, ఆ తర్వాత గ్రీన్ కోసం కింది పిక్‌లతో చెల్లించాలనుకుంది. తీరా గ్రీన్ పేరు పిలిచింది పదో నంబర్ దగ్గర. కంగారు పడకపోయినా ఆరో పిక్ మిగిలేదే. కానీ ఆ సంగతి ముందుగా ఎవరికీ తెలియదు, అడిలైడ్ అమ్ముకున్నది ఆ తెలియనితనాన్నే.

ఈ పాయింట్ల పద్ధతి 2015లో వచ్చింది. గత డ్రాఫ్ట్‌లలో ఏ నంబర్‌తో ఎంపికైనవాళ్లు తర్వాత ఎంత జీతం సంపాదించారో చూసి ప్రతి పిక్‌కు ఒక విలువ కట్టారు. నంబర్ 1కు 3000 పాయింట్లు, నంబర్ 2కు 2517, నంబర్ 4కు 2034, నంబర్ 10కి 1395. సొంత క్లబ్‌కు మొదటి రౌండ్‌లో 20 శాతం రాయితీ ఇచ్చారు. తండ్రి ఒక క్లబ్‌కు 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే, కొడుకును ఆ క్లబ్ ఇదే దారిలో తీసుకోవచ్చు. ఫాదర్-సన్ నియమం అంటారు. భావోద్వేగం సంగతి సరే, లెక్కలో మాత్రం పెద్ద చిల్లు ఉండేది. కింది పిక్‌లను నాలుగైదు పోగేస్తే ఒక అగ్రశ్రేణి ఆటగాడు వచ్చేసేవాడు. నిజమైన మార్కెట్‌లో ఎవరూ నంబర్ 38, 40, 42, 44 తీసుకుని నంబర్ 4 ఇవ్వరు. ఆ పాయింట్ల విలువల పట్టికలో మాత్రం ఆ నాలుగింటి మొత్తం 1651 ఉండేది. రాయితీ పోగా నాలుగో పిక్ ధర 1627 అయ్యేది.

కాలింగ్‌వుడ్ ఈ చిల్లును చక్కగా వాడుకుంది. పీటర్ డైకోస్ ఆ క్లబ్‌కు 250 మ్యాచ్‌లు ఆడిన హీరో. ఆయన చిన్న కొడుకు నిక్ 2021 డ్రాఫ్ట్‌కు వస్తాడని, వస్తే మొదటి కొద్దిమందిలోనే ఉంటాడని అందరికీ తెలుసు. 2020లో జీతాల పరిమితి ఒత్తిడితో కాలింగ్‌వుడ్ అవస్థపడింది. ఆడమ్ ట్రెలోర్ లాంటి ఆటగాళ్లను దాదాపు దులిపేసుకున్నట్టు పంపించేసింది. ఆ డ్రాఫ్ట్‌లోనే తన 2021 మొదటి రౌండ్ పిక్‌ను జీడబ్ల్యూఎస్‌కు ఇచ్చి, ఆ ఏడాది కింది పిక్‌లు తీసుకుంది. 2021లో జట్టు కుప్పకూలి 17వ స్థానానికి పడిపోయింది. ఆ పిక్ నంబర్ 2 అయింది. మెల్‌బోర్న్ పత్రికలు, టీవీ చర్చలు క్లబ్‌ను ఏకిపారేశాయి.

కానీ నిదానంగా చూస్తే, కార్ల్‌టన్ చేసిన తప్పూ ఇదీ ఒకటి కాదు. కాలింగ్‌వుడ్ చేతిలో నంబర్ 2 ఉన్నా, అంతకు ముందే ఎవరైనా డైకోస్ పేరు పిలిస్తే ఆ పిక్ అతని ఖాతాలోనే పోయేది. అతని కోసం కావలసింది పాయింట్లు, అవి కింది పిక్‌లలో చవకగా దొరుకుతాయి. గోల్డ్ కోస్ట్ నాలుగో నంబర్ దగ్గర డైకోస్ పేరు పిలిచింది, కాలింగ్‌వుడ్ పాయింట్లు చెల్లించి తీసుకుంది. రెండేళ్లకు, 2023లో, ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలిచింది. ఆ పిక్‌ను అంత తక్కువకు ఇవ్వాల్సింది కాదన్న విమర్శ మాత్రం నిలుస్తుంది. డైకోస్ వచ్చేలోపు అదే పిక్‌ను ఇంకా మంచి ధరకు అమ్మి ఉండవచ్చు.

ఇదే దారిలో బ్రిస్బేన్ ఇంకా దూరం వెళ్లింది. మార్కస్ యాష్‌క్రాఫ్ట్ 318 మ్యాచ్‌లు ఆడిన క్లబ్ అది. 2022లో జీడబ్ల్యూఎస్ మొదటి పిక్‌తో ఆరన్ కాడ్‌మన్‌ను తీసుకున్నాక, నార్త్ మెల్‌బోర్న్ రెండో నంబర్ దగ్గర మార్కస్ పెద్ద కొడుకు విల్ పేరు పిలిచింది. బ్రిస్బేన్ చెల్లించింది. 2024లో బ్రిస్బేన్ ఛాంపియన్. ఆ డ్రాఫ్ట్‌లోనే తమ్ముడు లీవై ఐదో నంబర్ దగ్గర అదే గూటికి చేరాడు. 2024, 2025 రెండు గ్రాండ్ ఫైనల్స్‌లోనూ ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం విల్‌దే, రెండుసార్లూ గెలిచింది బ్రిస్బేనే. బలహీనుడికి మొదటి ముద్ద అన్న సూత్రం మీద కట్టిన పద్ధతిలో ఛాంపియన్‌కు దేశంలో ఐదో మేటి కుర్రాడు దొరకడం చూసి మిగతా క్లబ్‌లు మండిపడ్డాయి. 2025 నుంచి రాయితీని 10 శాతానికి తగ్గించి, కింది పిక్‌ల పాయింట్లకు కోత పెట్టారు. తలుపు మూయలేదు, కాస్త ఇరుకు చేశారంతే.

నార్త్ మెల్‌బోర్న్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. 2021లో నంబర్ 1గా తెచ్చుకున్న జేసన్ హార్న్-ఫ్రాన్సిస్ ఒక్క సీజన్ ఆడి, సొంత రాష్ట్రానికి పోతానన్నాడు. ఏఎఫ్ఎల్‌లో ఒప్పందంలో ఉన్న ఆటగాణ్ని అతని ఇష్టం లేకుండా మార్చలేరు. వెళ్తానన్నవాణ్ని బలవంతంగా ఆపడమూ తెలివి కాదు. నార్త్ అతన్ని పోర్ట్ అడిలైడ్‌కు పంపే నాలుగు క్లబ్‌ల మార్పిడిలో 2022 మొదటి పిక్‌ను కూడా కలిపి, చివరికి రెండు, మూడు నంబర్లతో బయటపడింది. విల్ యాష్‌క్రాఫ్ట్ బ్రిస్బేన్‌కు పోయాక అవి మూడు, నాలుగు అయ్యాయి. వచ్చినవాళ్లు హ్యారీ షీజెల్, జార్జ్ వార్డ్‌లా. షీజెల్ తొలి సీజన్‌లోనే మేటి యువ ఆటగాడికిచ్చే ఏఎఫ్ఎల్ రైజింగ్ స్టార్ అవార్డునూ, క్లబ్ ఉత్తమ ఆటగాడి అవార్డునూ గెలిచాడు. ఇంత తెలివిగా బేరమాడిన క్లబ్బే 2024 డ్రాఫ్ట్ రాత్రి మ్యాట్ విట్‌లాక్ అనే పొడవాటి కుర్రాడి కోసం రిచ్‌మండ్ దగ్గర నంబర్ 27 తీసుకుని, తన 2025 మొదటి రౌండ్ పిక్‌ను ఇచ్చేసింది. 2025లో నార్త్ 16వ స్థానంలో నిలిచింది. కార్ల్‌టన్ కథ నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

పాత కాలంలో వచ్చే ఏడాది పిక్‌లు అమ్మే వీలు లేదు, కానీ తొందరపాటుకు లోటేమీ లేదు. 2001లో ఫ్రీమాంటిల్ అట్టడుగు జట్టు, చేతిలో నంబర్ 1. ఆ డ్రాఫ్ట్ చరిత్రలోనే మేటి డ్రాఫ్ట్‌లలో ఒకటి. ల్యూక్ హాడ్జ్, ల్యూక్ బాల్, క్రిస్ జడ్ మొదటి మూడు స్థానాల్లో ఎంపికయ్యారు. ఫ్రీమాంటిల్ అప్పటికప్పుడు ఆడగలవాళ్లు కావాలనుకుంది. నంబర్ 1, 20, 36 మూడింటినీ హాథార్న్‌కు ఇచ్చి ట్రెంట్ క్రోడ్, ల్యూక్ మెక్‌ఫార్లిన్‌లను తెచ్చుకుంది. హాథార్న్ ఒకటితో హాడ్జ్‌ను తీసుకుంది, 36తో శామ్ మిచెల్‌ను. 2008 ప్రీమియర్‌షిప్ కెప్టెన్ మిచెల్. 2013, 2014, 2015 మూడింటికీ కెప్టెన్ హాడ్జ్. క్రోడ్ రెండేళ్లకే తిరిగి హాథార్న్‌కు వచ్చేసి, 2008 విజయంలో కూడా ఆడాడు. ఇంతకు మించి అవమానం ఉండదు.

అయినా ఫ్రీమాంటిల్ పక్షాన చెప్పడానికి కొంత ఉంది. మెక్‌ఫార్లిన్ అక్కడ 200కు పైగా మ్యాచ్‌లు ఆడిన నమ్మకమైన డిఫెండర్. 2003లో ఆ క్లబ్ తొలిసారి ఫైనల్స్‌కు, అంటే మన ప్లేఆఫ్స్ లాంటి దశకు, వెళ్లింది. పైగా 36వ పిక్‌లో మిచెల్ ఉన్నాడని ఆ రోజు హాథార్న్‌కు మాత్రం తెలుసా? అతను వేగం లేనివాడని, పొట్టివాడని అందరూ దాటేసి పోయారు కాబట్టే 36 దాకా మిగిలాడు. ఆ బేరంలో తప్పు పట్టాల్సింది నంబర్ 1 ఇచ్చినందుకు, 36 ఇచ్చినందుకు కాదు.

ఓడితే బహుమతి ఇచ్చే పద్ధతిలో ఓడాలన్న కోరిక పుట్టడం సహజం. ఏఎఫ్ఎల్‌లో ఎన్‌బీఏ లాగా లాటరీ లేదు. ఒకప్పుడు వరుసగా రెండేళ్లు 5 కన్నా తక్కువ మ్యాచ్‌లు గెలిచిన క్లబ్‌కు మొదటి రౌండ్ కన్నా ముందే అదనపు పిక్ ఇచ్చేవారు. మెల్‌బోర్న్ క్లబ్ 2009లో అలా ఒకటి, రెండు నంబర్లు రెండూ దక్కించుకుని టామ్ స్కలీ, జాక్ ట్రెంగోవ్‌లను తీసుకుంది. కావాలనే ఓడిందన్న ఆరోపణపై ఏఎఫ్ఎల్ విచారణ జరిపింది. ఓడాలని ప్రయత్నించినట్టు తేల్చలేదు కానీ 2013లో 5 లక్షల డాలర్ల జరిమానా వేసి, అప్పటి కోచ్ డీన్ బెయిలీపైనా, అధికారి క్రిస్ కానలీపైనా నిషేధం పెట్టింది. స్కలీ రెండు సీజన్లకే కొత్త జట్టు జీడబ్ల్యూఎస్‌కు వెళ్లిపోయాడు. ట్రెంగోవ్ కెరీర్‌ను పాదం గాయం తినేసింది. అదే డ్రాఫ్ట్‌లో మెల్‌బోర్న్ 34వ నంబర్‌తో తీసుకున్న మాక్స్ గాన్, 2021లో 57 ఏళ్ల తర్వాత ఆ క్లబ్‌కు ప్రీమియర్‌షిప్ తెచ్చిన కెప్టెన్.

గాన్ ఆడేది రక్ స్థానం, అంటే బంతిని గాల్లోకి వేసినప్పుడు ఎగిరి తట్టే అతి పొడవాటి ఆటగాడు. ఇక్కడే డ్రాఫ్ట్‌కూ తుది జట్టు ఎంపికకూ ముడి పడుతుంది. మైదానంలో 18 మంది, బెంచీ మీద కొందరు. మ్యాచ్ మొత్తానికి 75 మార్పులే చేయవచ్చన్న పరిమితి 2021 నుంచి ఉంది. ఇద్దరు రక్‌లను ఆడిస్తే పొడవు పెరుగుతుంది, పరుగెత్తే కాళ్లు తగ్గుతాయి. ఒక్కణ్నే ఆడిస్తే అతను అలసిన పది నిమిషాలు మైదానం మధ్యలో బంతి ఎదుటివాడిదే. ప్రతి గురువారం సెలెక్షన్ గదిలో జరిగే ఈ వాదనకు బీజం నాలుగైదేళ్ల కింద డ్రాఫ్ట్ బల్ల దగ్గరే పడుతుంది. మిడ్‌ఫీల్డర్‌ను 18 ఏళ్లకే చూసి చెప్పవచ్చు, ఏడాదిలో ఆడించవచ్చు. పొడవాటివాళ్లు ఒళ్లు కుదురుకోవడానికే నాలుగేళ్లు పడుతుంది. గాన్ 2011లో తొలి మ్యాచ్ ఆడి, ఆ ఏటి మేటి ఆటగాళ్లతో ప్రకటించే ఆల్-ఆస్ట్రేలియన్ జట్టులోకి వచ్చింది 2016లో. డీన్ కాక్స్, ఆరన్ శాండిలాండ్స్ లాంటి మేటి రక్‌లైతే రూకీ లిస్టు నుంచి, అంటే ప్రధాన జట్టు జాబితాకు బయట ఉంచి తయారుచేసే కుర్రాళ్ల నుంచి, వచ్చినవాళ్లు. అందుకే పై పిక్‌ను రక్ మీద పెట్టడానికి క్లబ్‌లు జంకుతాయి. మెల్‌బోర్న్ 2019లో మూడో పిక్‌తో ల్యూక్ జాక్సన్‌ను తీసుకుంది. అతను అంచనాకు మించి త్వరగా ఎదిగి 2021 గ్రాండ్ ఫైనల్ గెలిపించినవాళ్లలో ఒకడయ్యాడు, మరుసటి సీజన్ ముగియగానే ఇల్లు గుర్తొచ్చి పెర్త్ వెళ్లి ఫ్రీమాంటిల్‌లో చేరాడు.

సీజన్ మధ్యలో జరిగే డ్రాఫ్ట్‌ను 2019లో మళ్లీ మొదలుపెట్టారు. రిచ్‌మండ్ అందులో మార్లియన్ పికెట్ అనే 27 ఏళ్ల ఆటగాణ్ని తీసుకుంది. అతను రెండో శ్రేణి జట్టులో ఆడుతూ ఉన్నాడు. గ్రాండ్ ఫైనల్‌కు ముందు జాక్ గ్రాహమ్ భుజానికి దెబ్బ తగిలింది. సెలెక్టర్లు అనుభవం ఉన్నవాళ్లను పక్కన పెట్టి, అగ్రశ్రేణిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడని పికెట్‌ను దింపారు. 1952 తర్వాత గ్రాండ్ ఫైనల్‌లో అరంగేట్రం చేసినవాడు లేడు. రిచ్‌మండ్ 89 పాయింట్లతో గెలిచింది, పికెట్ గోల్ కూడా కొట్టాడు. వారం ముందే రెండో శ్రేణి ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడు అతనే కాబట్టి ఇది సాహసంలా కనిపించిన లెక్కే.

ఈ పద్ధతిలో జీలాంగ్ ఒక విచిత్రం. 2007 నుంచి ఆ క్లబ్ ఫైనల్స్‌కు వెళ్లనిది 2015, 2023లో మాత్రమే. పై పిక్ దాదాపు ఎప్పుడూ రాదు. పైన ఉండే జట్టు పిక్ ఎలాగూ పదిహేను దాటే ఉంటుంది కాబట్టి, దాన్ని తెగనమ్మినా పోయేది తక్కువ. 2020లో మూడు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చి జీడబ్ల్యూఎస్ నుంచి జెరెమీ కామెరన్‌ను తెచ్చింది. 2022లో, గ్రాండ్ ఫైనల్ ఆడిన అత్యంత వయసు మళ్లిన జట్టుగా, సిడ్నీని 81 పాయింట్లతో ఓడించింది. భవిష్యత్తును తాకట్టు పెట్టిందని ఏటా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, తాకట్టు విడిపించుకునే రోజు మాత్రం రావడం లేదు. తన స్థానం గురించి జీలాంగ్ వేసుకునే అంచనా నిజమవుతుంది. కార్ల్‌టన్, నార్త్ వేసుకున్నది కాలేదు. బేరం రూపం ఒకటే.

2028లో టాస్మానియా 19వ జట్టుగా వస్తోంది. 2011లో గోల్డ్ కోస్ట్, 2012లో జీడబ్ల్యూఎస్ వచ్చినప్పుడు మేటి కుర్రాళ్లలో చాలామందిని వాటికే కేటాయించారు, మిగతా క్లబ్‌ల పిక్‌లు ఏళ్ల తరబడి పలచబడ్డాయి. కొత్త లిస్టు కట్టుకునే టాస్మానియా కోసం ఆ దగ్గరి డ్రాఫ్ట్‌లు ఈసారీ పలచబడక తప్పదు. రెండేళ్ల ముందు పిక్‌లు అమ్ముకునే నియమం సరిగ్గా అప్పుడే చేతికి వచ్చింది కాబట్టి, 2027 పిక్‌ను ఇప్పుడే వదిలించుకునే క్లబ్‌ను చూసి నవ్వే ముందు కాస్త ఆగాలి. పలచబడే సరుకును ముందే అమ్మితే అది తెలివైన అమ్మకమే, కొనే క్లబ్ ఆ తగ్గింపును ధరలో కట్టకపోతే.